ఆరు నెలల బిడ్డతో మళ్ళీ ఉద్యోగంలోకి: ఏ పని ఎప్పుడు, ఎవరి వంతు?

మీరు అడిగింది ఇది. పాపకి ఐదు నెలలు నిండాయి, ఇంకో నాలుగు వారాల్లో ఉద్యోగంలో చేరాలి. పాలు తగ్గిపోతాయేమోనని భయం, రాత్రిళ్ళు నిద్ర లేదు. మీ ఆయన "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తా" అంటారు గానీ ఏం చెయ్యాలో గుర్తుపెట్టుకునే పని మాత్రం మీదే. అద్దంలో చూసుకుంటే ఇదివరకటి మనిషి కనబడటం లేదు. ఉద్యోగం మానెయ్యనా?

మానెయ్యాలా వద్దా అన్నది ఇవాళ తేల్చకండి. నిద్ర చాలని తలతో, ఇంకా మొదలే కాని రోజుల్ని ఊహించుకుని తీసుకునే నిర్ణయం అవుతుంది. చేరిన రోజు నుంచి లెక్కేసి పన్నెండో వారంలో ఒక తేదీ రాసిపెట్టుకోండి. అప్పటిదాకా ఆ ప్రశ్న తలుపు తట్టినా తియ్యకండి. ఈలోగా చెయ్యాల్సింది చాలా ఉంది. ఎక్కువమంది తల్లులను కుంగదీసేది పని మొత్తం కన్నా, ఏ పనీ తలలోంచి పూర్తిగా దిగిపోకపోవడం. నేను చెప్పే ఏర్పాట్లన్నీ ఆ బరువు దించడానికే.

ముందు పాల సంగతి, ఎందుకంటే దానికి తేదీ ఉంది. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య తల్లిపాలే తాగే బిడ్డ రోజుకు సగటున 750 మిల్లీలీటర్లు తాగుతుంది. బిడ్డకీ బిడ్డకీ చాలా తేడా ఉంటుంది, అయినా లెక్క వేసుకోవడానికి ఇది చాలు. మీరు ఇంట్లో లేని ప్రతి గంటకీ 30 నుంచి 45 మిల్లీలీటర్లు అనుకోండి. పది గంటలు బయట ఉంటే 300 నుంచి 450. అంటే మూడు నాలుగు బాటిళ్ళు, ఒక్కొక్కదానిలో 90 నుంచి 120. ఫ్రీజర్ నిండా సంచులు పేర్చాల్సిన అవసరం లేదు. మొదటి రెండు రోజులకు సరిపడా, అంటే 800 మిల్లీలీటర్ల దాకా ఉంటే చాలు. సోమవారం తీసిన పాలు మంగళవారానికి, మంగళవారంవి బుధవారానికి వస్తాయి.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. బిడ్డను చూసుకునేవాళ్ళు ప్రేమకొద్దీ ఒక్కసారే 200 మిల్లీలీటర్లు పోసి పడుకోబెట్టి తాగిస్తారు. బాటిల్ నుంచి పాలు ధారగా దిగుతాయి కాబట్టి బిడ్డ మింగక తప్పదు. దాచిన పాలు వారంలో ఖాళీ అవుతాయి. అమ్మేమో తనకు పాలు చాలడం లేదని బెంగపడుతుంది. చెయ్యాల్సింది ఇది: బిడ్డను నిటారుగా కూర్చోబెట్టాలి. బాటిల్‌ను అడ్డంగా పట్టుకోవాలి. రెండు మూడు నిమిషాలకోసారి కిందికి వంచి ఊపిరి తీసుకోనివ్వాలి. ఒక బాటిల్ పూర్తవడానికి 15 నిమిషాలు పట్టాలి. చూసుకునేవాళ్ళకు నోటితో చెబితే మరిచిపోతారు, ఒకసారి మీ ఎదురుగా చేయించండి.

బాటిల్ అలవాటు ఈ వారమే మొదలుపెట్టండి. ఇచ్చేది మీరు కాకూడదు, మీరు ఆ గదిలో కూడా ఉండకూడదు. మీ వాసన తగిలితే బిడ్డకు బాటిల్ ఎందుకు? బాగా ఆకలేసి ఏడుస్తున్నప్పుడు కాకుండా, కాస్త ఆకలి మొదలైనప్పుడు ఇవ్వాలి. పది నిమిషాలు ప్రయత్నించి పేచీ పెడితే ఆపేసి మర్నాడు చూడండి. రెండు వారాలైనా బిడ్డ బాటిల్ పట్టకపోతే చిన్న కప్పుతో తాగించవచ్చు. ఆరు నెలల వయసుకి చాలామంది పిల్లలు కప్పు అంచు నుంచి చప్పరించడం నేర్చుకుంటారు. అప్పటికి మెత్తని ఆహారం కూడా మొదలవుతుంది కాబట్టి పగలంతా బాటిల్ మీదే ఆధారపడాల్సిన పని లేదు.

పాలు తీసిపెట్టే లెక్కలు ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించండి. గదిలో, 25 డిగ్రీల లోపు అయితే 4 గంటలు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 4 రోజులు. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఆరు నెలలైతే మంచిది, ఏడాది వరకూ వాడొచ్చు. ఐస్ ప్యాకులు పెట్టిన చల్లని సంచిలో 24 గంటలు. గడ్డకట్టిన పాలు ఫ్రిజ్‌లో పూర్తిగా కరిగాక 24 గంటల్లో వాడాలి, మళ్ళీ గడ్డకట్టించకూడదు. బిడ్డ నోరు పెట్టి వదిలేసినవి 2 గంటలు దాటితే పారబొయ్యాలి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, అక్కడక్కడ మరిగిపోయి నోరు కాలుతుంది. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టండి.

కొందరి పాలు దాచాక సబ్బు వాసన వేస్తాయి. పాలలోని లైపేజ్ అనే ఎంజైము కొవ్వును విడగొట్టడం వల్ల అలా అవుతుంది, పాలు చెడిపోయినట్టు కాదు. కానీ కొందరు పిల్లలు నోట పెట్టరు. అందుకే ఫ్రీజర్ నింపేముందు 50 మిల్లీలీటర్లు గడ్డకట్టించి, వారం తర్వాత కరిగించి పట్టి చూడండి. తాగకపోతే, ఇకపై తీసిన పాలను అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేసి, వెంటనే చల్లార్చి గడ్డకట్టించాలి. ఈ పరీక్ష చెయ్యకుండా దాచుకుని, చేరిన రోజు మొత్తం పారబోసుకున్నవాళ్ళు ఉన్నారు.

ఆఫీసులో మూడు గంటలకోసారి, 15 నుంచి 20 నిమిషాలు పంపుతో పాలు తియ్యాలి. సర్దుకోవడం, కడగడం కలిపితే అరగంట. పంపు లాగడం తగ్గితే పాలు తగ్గాయని బెంబేలెత్తకండి, ముందు పంపులోని సిలికాన్ వాల్వు చూడండి. రోజూ వాడితే కొన్ని నెలల్లో సాగిపోతుంది, మారిస్తే చాలాసార్లు సమస్య అక్కడితో తీరుతుంది. రొమ్ముకు పెట్టుకునే గరాటు కొలత కూడా ముఖ్యమే. చనుమొన వెడల్పు కొలిచి 0 నుంచి 3 మిల్లీమీటర్లు కలిపితే సరైన సైజు వస్తుంది. డబ్బాతో వచ్చే 24 లేదా 27 చాలామందికి వదులవుతుంది. నొప్పి పుట్టేంత వేగం పెడితే పాలు ఎక్కువ రావు, చేపు ఆగిపోతుంది. పాలు చేపడానికి ఒంటికి స్థిమితం కావాలి. ఫోన్‌లో బిడ్డ వీడియో చూస్తూ తీస్తే కొందరికి తేలిగ్గా వస్తాయి. జ్వరం 38 డిగ్రీలు దాటి, రొమ్ము ఎర్రబడి, ఒళ్ళు విరిచేస్తున్నట్టుంటే గట్టిగా పిసకొద్దు, ఐస్ పెట్టుకుని డాక్టరును కలవండి.

ఒకమాట. పాలు తియ్యడం సాగకపోతే, పొద్దున్న, సాయంత్రం, రాత్రి మీరే ఇచ్చి పగటిపూట ఫార్ములా (డబ్బా పాలు) పట్టించొచ్చు. అలా నెలల తరబడి హాయిగా సాగించవచ్చు. ఆపాలనుకుంటే మాత్రం ఒకేసారి ఆపకుండా, నాలుగైదు రోజులకు ఒక విడత చొప్పున తగ్గించండి, లేకపోతే రొమ్ముల్లో పాలు కట్టుకుంటాయి.

ఇక అసలు విషయానికొద్దాం. "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తా" అన్న మాట మంచి మనసుతో అన్నదే కావచ్చు. కానీ దాంట్లో మీకు మిగిలిపోయే పని ఎంతో చూడండి. అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ప్రచురించిన పరిశోధనలో ఇంటి ఆలోచనా పనిని నాలుగు మెట్లుగా విడదీసింది: అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, నిర్ణయించడం, అయిందో లేదో కనిపెట్టి ఉండటం. ముందే పసిగట్టడం, కనిపెట్టి ఉండటం ఆడవాళ్ళ మీదే ఎక్కువగా పడుతున్నాయని ఆమె గమనించింది. టీకా సంగతే తీసుకోండి. తేదీ గుర్తుండాలి, ఆసుపత్రిలో సమయం తీసుకోవాలి, కార్డు దొరకాలి, ఆ రాత్రి జ్వరం చూడాలి, తరువాతి తేదీ రాసుకోవాలి. "తీసుకెళ్ళు" అని మీరు చెప్పాక ఆయన చేసేది మధ్యలోని ఒక్క గంట. మిగతాదంతా మీ తలలోనే తిరుగుతూ ఉంటుంది.

కాబట్టి పనులు పంచుకోవద్దు, విభాగాలు పంచుకోండి. ఒక వారం పాటు ఇద్దరూ విడివిడిగా తమకు గుర్తొచ్చిన ప్రతిదీ రాయండి: డైపర్లు అయిపోతున్నాయి, బట్టలు పొట్టి అయ్యాయి, గోళ్ళు కత్తిరించాలి, క్రెచ్‌కి ఫారం ఇవ్వాలి. వారం చివర రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలు, వాదన అక్కర్లేదు. ఆ తర్వాత విభాగాలకు విభాగాలే ఆయనకు అప్పగించండి. వైద్యం మొత్తం ఆయనది. లేదా రాత్రి ఏడు తర్వాత బిడ్డకు కావాల్సినవన్నీ ఆయనవి. లేదా క్రెచ్‌తో మాట్లాడటం, సామాను సర్దడం, ఫీజు, ఫోన్ నంబర్లు ఆయనవి. నాలుగు మెట్లూ ఆయనే ఎక్కాలి. క్రెచ్‌లో మొదట ఫోన్ చెయ్యాల్సిన నంబరుగా ఆయనదే రాయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మీటింగులో కూర్చున్న మీకు ఎంత తేడా తెలుస్తుందో మొదటి వారంలోనే చూస్తారు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, అప్పగించాక పక్కన నిలబడి సరిచెయ్యడంలో. "ఆ చొక్కా ఎందుకు వేశావు", "అలా కాదు, ఇటు పట్టుకో" అని నాలుగుసార్లు అంటే ఐదోసారి ఆయన పనిని మీ చేతిలోనే పెట్టేస్తారు. అందుకే ముందే కనీస హద్దు అనుకోండి: బిడ్డ క్షేమంగా, కడుపునిండా, పొడిగా ఉండాలి. ఆ పైనంతా ఆయన పద్ధతి. మూడు వారాలు నోరు మెదపొద్దు. డైపర్లు అయిపోయి రాత్రి పదింటికి కొట్టుకి పరిగెత్తాల్సి వస్తే పరిగెత్తేది ఆయనే, నేర్చుకునేదీ ఆయనే. వారానికోసారి, ఒకే రోజున 20 నిమిషాలు కూర్చోండి: వచ్చే వారం ఎవరికి ఏ మీటింగులున్నాయి, ఏది సాగలేదు, ఏది చేతులు మార్చాలి. గొడవపడుతున్నప్పుడు ఈ చర్చ పెట్టుకోకూడదు.

తోడు లేకుండా ఒంటరిగా పెంచుతున్నవాళ్ళకూ ఇదే సూత్రం. "ఎప్పుడైనా సాయం కావాలంటే చెప్పు" అనేవాళ్ళు పదిమంది కన్నా, "ప్రతి బుధవారం సాయంత్రం నాది" అనే ఒక్కరు మేలు.

నిద్ర గురించి సూటిగా చెబుతాను. ముక్కలుముక్కలుగా ఏడు గంటలు పడుకోవడం కన్నా, తెగకుండా ఐదు గంటలు పడుకుని ఆపైన దొరికినంత పడుకోవడం మేలు. రాత్రిని రెండు కాపలాలుగా విడగొట్టండి. తొమ్మిది నుంచి రెండు దాకా ఆయన, రెండు నుంచి ఏడు దాకా మీరు. ఆయన కాపలాలో మీరు వేరే గదిలో, చెవుల్లో దూది పెట్టుకుని పడుకోవాలి. ఆ సమయంలో బిడ్డ లేస్తే తీసిపెట్టిన పాలు. రొమ్ములు గట్టిపడి మెలకువ వస్తే, నొప్పి తగ్గేంత మాత్రమే తీసి మళ్ళీ పడుకోండి. నేరుగా మీరే పాలివ్వాలనుకుంటే, ఎత్తుకు రావడం, తేన్పు రప్పించడం, డైపరు మార్చడం, మళ్ళీ నిద్రపుచ్చడం ఆయన వంతు. అప్పుడు మీరు లేచి ఉండేది 45 నిమిషాలకు బదులు 15 నిమిషాలే. పగలు ఆఫీసుకు వెళ్ళేది ఆయనొక్కరే అన్న వాదన ఇంతవరకూ నడిచి ఉండొచ్చు. నాలుగు వారాల తర్వాత అది కూడా చెల్లదు.

చేరే రోజును వారం మధ్యలో పెట్టించుకోండి, బుధవారం గానీ గురువారం గానీ. రెండు మూడు రోజులు గడిచేసరికి సెలవు వస్తుంది, ఎక్కడ తడబడ్డారో సరిచేసుకోవచ్చు. క్రెచ్ అలవాటు అంతకు రెండు వారాల ముందే మొదలుకావాలి. మొదటి రెండు రోజులు మీతో కలిసి గంట, తర్వాత మీరు లేకుండా గంట, ఆపైన రెండు, నాలుగు, చివరికి పూర్తి రోజు. ఎనిమిది నెలల ప్రాంతంలో పిల్లలకు కొత్తవాళ్ళంటే భయం, తల్లి కనబడకపోతే బెంగ మొదలవుతాయి. మీరు ఆరు నెలలకే చేరుతున్నారు కాబట్టి మొదటి రోజుల్లో బిడ్డ ఏడవకపోవచ్చు, రెండు నెలల తర్వాత హఠాత్తుగా మొదలెట్టవచ్చు. క్రెచ్‌లో ఏదో జరిగిందని మొదటే అనుమానించకండి, ఆ వయసు అలాంటిది. కనబడకుండా జారుకోవడం మాత్రం చెయ్యకూడదు. ముద్దుపెట్టి, అదే మాట రోజూ చెప్పి, అర నిమిషంలో వెళ్ళిపోవాలి. వెనక్కొచ్చి ఇంకోసారి ఎత్తుకుంటే ఇద్దరికీ కష్టం.

జలుబులకు సిద్ధంగా ఉండండి. క్రెచ్‌లో చేరిన మొదటి ఏడాది ఎనిమిది, పది సార్లు జలుబు, జ్వరం రావడం మామూలే. చాలా క్రెచ్‌లు జ్వరం తగ్గి 24 గంటలు గడిచేదాకా రానివ్వవు. కాబట్టి "బిడ్డకు జ్వరమొస్తే ఎవరు ఆగాలి" అన్నది పొద్దున్న ఆరింటికి తేల్చుకునే ప్రశ్న కాకూడదు. మొదటి రోజు ఆయన, రెండో రోజు మీరు, మూడో రోజు ఇంకొకరు అని ముందే రాసుకోండి. మీ సెలవుల్ని మొదటి నెలలో ఇతర పనులకు వాడెయ్యకండి.

మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు క్షమాపణతో మొదలుపెట్టకండి. ఒక పేజీ రాసుకుని వెళ్ళండి. పాలు తీసుకునే సమయాలు ఫలానా, క్యాలెండర్‌లో మూసేశాను. సాయంత్రం ఫలానా గంటకు బయలుదేరతాను. అత్యవసరమైతే రాత్రి ఫలానా సమయంలో అరగంట అందుబాటులో ఉంటాను, లేదా ఉండను. మొదటి ఆరు వారాల్లో నేను పూర్తి చేసేది ఈ ఒక్క పని. ఆ ఒక్కటి పైకి కనిపించేదై ఉండాలి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తల్లి అని తెలియగానే సామర్థ్యాన్ని తక్కువగా అంచనా వెయ్యడం నిజంగా జరుగుతుంది. షెల్లీ కొరెల్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో అర్హతల్లో సమానమైన దరఖాస్తులనే చూపించినా, తల్లులను తక్కువ సమర్థులుగా ఎంచి తక్కువ జీతం సూచించారు. తండ్రులకు ఆ నష్టం జరగలేదు. మీలో లోపం లేకపోయినా ఆ అంచనా మీ ముందు ఉంటుందని తెలిసి వెళ్ళడం మంచిది.

పాలిచ్చే విరామాల గురించి మీ దేశ చట్టం ఏమంటుందో చేరకముందే చదవండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం ప్రసూతి సెలవు కనీసం 14 వారాలు ఉండాలంటుంది. పాలిచ్చే విరామాలను పనిగంటల్లోనే లెక్కించి జీతం ఇవ్వాలంటుంది. ఆమోదించిన దేశాలకే అది వర్తిస్తుంది. అయితే చాలా దేశాల చట్టాల్లో ఏదో ఒక రూపంలో ఇలాంటి విరామం ఉంది.

గంటలు తగ్గించుకోమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకునే ముందు ఒక కాగితం అడగండి: ఏ పనులు నా దగ్గర్నుంచి ఎవరికి వెళ్తాయి? జవాబు లేకపోతే జీతం మాత్రమే తగ్గుతుంది, పని అంతే ఉంటుంది. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చూపించింది కూడా ఇలాంటిదే. ఎప్పుడు పిలిచినా పలకగలిగే మనిషికి కొన్ని ఉద్యోగాలు గంటకు ఇచ్చే జీతం కూడా ఎక్కువే. అందుకే ఒక ఇంట్లో ఒకరు అలాంటి పనిలోకి, మరొకరు వేళలు సర్దుకోగల పనిలోకి జారుకుంటారు, ఆ మరొకరు ఎక్కువగా తల్లే. నన్నడిగితే మొదట బేరమాడాల్సింది గంటల సంఖ్య మీద కన్నా, ఆ గంటలు ముందే తెలిసి ఉండటం మీద. సాయంత్రం ఐదున్నరకు ఖాయంగా బయలుదేరగలిగే ఎనిమిది గంటల పని, ఎప్పుడు మీటింగు పడుతుందో తెలియని ఆరు గంటల పని కన్నా బిడ్డకీ మీకూ మంచిది.

మీరు ఆఖర్న రాసిన ఆ అద్దం మాట దగ్గరికి వస్తాను, అది చిన్నది కాదు. తల్లిగా మారే దశకు డానా రాఫెల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1973లో ఒక పేరే పెట్టింది: మాట్రెసెన్స్. ఎదిగే వయసులో ఒళ్ళు, మనసు, చుట్టాల మధ్య స్థానం అన్నీ ఒకేసారి మారినట్టే ఇక్కడా మారతాయి. 2016లో ఎల్సెలీన్ హూక్జెమా అనే మెదడు పరిశోధకురాలి బృందం తొలి గర్భానికి ముందూ, కాన్పు తర్వాతా తీసిన మెదడు స్కానులు పోల్చి చూసింది. ఎదుటివారి మనసును అర్థం చేసుకునే భాగాల్లో వచ్చిన మార్పులు కనీసం రెండేళ్ళు నిలిచాయని కనుగొంది. ఐదు నెలల్లో పాత మనిషి తిరిగి రాలేదని బాధపడుతున్నారు కదా, ఆ గడువు మరీ తక్కువ. పాత రోజుల మీద బెంగ, బిడ్డ మీద ప్రేమ ఒకే గుండెలో ఉండటం తప్పేమీ కాదు.

దీనికి చెయ్యగలిగింది ఒకటుంది. వారానికి రెండు గంటలు, ఒకే రోజు, ఒకే సమయం, ఇంటి బయట. ఆ రెండు గంటలూ బిడ్డ పూర్తిగా ఇంకొకరి బాధ్యత, మీకు ఫోన్ రాకూడదు. అందులో సరుకులు తేవడం, నిద్రపోవడం లెక్కకు రావు, వాటికి వేరే చోటు వెతకండి. బిడ్డకు సంబంధం లేనిదై, మీకు ఇదివరకు చేతనైనదై ఉండాలి: బొమ్మలు వెయ్యడం, ఈత, పాట, చదువు, ఏదైనా. పూర్వం చేసినంత చెయ్యాలని చూడకండి, పదోవంతుతో మొదలెట్టండి. మొదటి మూడు వారాలు ఏం చెయ్యాలో తోచక కూర్చుంటారు, తొందరగా ఇంటికెళ్ళిపోవాలనిపిస్తుంది. ఉండండి. నాలుగో వారానికి చేతులకు పని గుర్తొస్తుంది.

తప్పు చేస్తున్నానన్న బాధ వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వారం నేను మార్చగలిగేది ఇందులో ఏమైనా ఉందా? ఉంటే మార్చండి, లేకపోతే ఆ బాధతో వాదన పెట్టుకోకండి.

ఇవన్నీ చేసేముందు ఒక పరీక్ష తప్పనిసరి. రక్తంలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించుకోండి. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ వాపు వచ్చి, నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య హార్మోను పడిపోతుంది. నీరసం, దిగులు, మతిమరుపు, జుట్టు రాలడం అన్నీ బిడ్డ పెంపకం వల్లేనని అనుకుంటూ ఉండిపోతారు. అలాగే ఎడిన్‌బరో ప్రసవానంతర కుంగుబాటు స్కేల్ పూరించండి. 1987 నుంచి వాడుకలో ఉన్న పది ప్రశ్నల పట్టిక అది, గడిచిన ఏడు రోజుల గురించి అడుగుతుంది, మొత్తం 30 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుతో మాట్లాడండి, 13 గానీ ఆపైన గానీ వస్తే ఆలస్యం చెయ్యకండి. తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించిన పదో ప్రశ్నకు "ఎప్పుడూ లేదు" తప్ప ఇంకే జవాబు వచ్చినా అదే రోజు వెళ్ళాలి, మిగతా మార్కులు ఎన్నైనా సరే. కాన్పైన రెండు మూడు రోజులకు మొదలై రెండు వారాల్లో పోయే ఏడుపు వేరు. కుంగుబాటు మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు, వైద్యంతో తగ్గుతుంది, పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి.

చివరిగా, పన్నెండో వారం తేదీ. అప్పటిదాకా రోజూ పడుకునేముందు ఒక అంకె, ఒక మాట రాయండి. అంకె 1 నుంచి 5, ఆ రోజు ఎలా గడిచిందో. మాట, ఆ రోజు అన్నింటికన్నా కష్టమైనదేదో. ఆ తేదీన తిరగేస్తే ఏ మాట పదేపదే వచ్చిందో కనిపిస్తుంది. అది "ప్రయాణం" అయితే ఇల్లో ఆఫీసో మారాలి. "రాత్రి" అయితే కాపలాలు మళ్ళీ పంచుకోవాలి. "జ్వరం" అయితే మూడో మనిషిని వెతకాలి. "పని" అని ఎక్కువసార్లు వచ్చి, ఇంట్లో మిగతావి సర్దుకున్నా అంకె 2 దాటకపోతే, అప్పుడు ఉద్యోగం మార్చడం గురించో మానడం గురించో కూర్చుని మాట్లాడుకోండి. క్రెచ్ ఫీజును మీ ఒక్కరి జీతంలోంచి తీసెయ్యకుండా ఇద్దరి జీతాల్లోంచీ తీసి లెక్కెయ్యండి. డెన్మార్క్ లెక్కల మీద హెన్రిక్ క్లేవెన్ అనే ఆర్థికవేత్త బృందం 2019లో చూపినదాని ప్రకారం, మొదటి బిడ్డ తర్వాత తల్లుల సంపాదన దీర్ఘకాలంలో దాదాపు 20 శాతం తక్కువగానే ఉండిపోయింది, తండ్రులది తగ్గలేదు. కాబట్టి ఈ ఏడాది మిగిలే డబ్బుతో పాటు, రాబోయే పదేళ్ళ జీతం పెరుగుదల, పదవీ విరమణ పొదుపు కూడా అదే కాగితం మీద రాయండి. అప్పుడు మానాలనిపిస్తే నిశ్చింతగా మానండి.